గోల్ బజార్‌లో అంబటేళ

పిల్లలూ, ఆదివారం ఆలస్యంగా లేచి, పొద్దుటి టిఫిన్ మానేసి, మధ్యాహ్నం దాకా ఆగలేక, పదకొండు గంటల ప్రాంతంలో కడుపునిండా తినే తిండిని ఏమంటారు? మా తెలుగు తరగతిలో ఈ ప్రశ్న అడిగితే అందరూ ఒక్క గొంతుతో "బ్రంచ్" అన్నారు. "మరి తెలుగులో?" అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ జవాబు కోసం మేము బిలాస్‌పూర్ గోల్ బజార్ దాకా వెళ్ళాం. జవాబు మాత్రం అక్కడ దొరకలేదు. ఎక్కడ దొరికిందో చివర్లో చెబుతాం.

ముందు 'బ్రంచ్' సంగతి. బ్రేక్‌ఫాస్ట్ అనే మాటలో తల, లంచ్ అనే మాటలో తోక కలిపి కుట్టిన మాట ఇది. 1895లో గై బెరింజర్ అనే ఆంగ్ల రచయిత 'హంటర్స్ వీక్లీ' అనే పత్రికలో దీన్ని వాడాడు. ఆదివారం పొద్దున్నే లేచే బాధ లేకుండా, కాస్త ఆలస్యంగా, నలుగురూ కబుర్లు చెప్పుకుంటూ తినాలని ఆయన వాదన. అంటే ఇంగ్లీషులో కూడా ఈ మాట వయసు సుమారు నూట ముప్పై ఏళ్ళే. దీనికి తెలుగు మాట తయారుచేయమంటే మా ఏడో తరగతి విద్యార్థి ఒకడు 'టిఫోజనం' అన్నాడు. టిఫిన్‌లో సగం, భోజనంలో సగం. ఇది ఏ సంధి అని అడగకండి, ఏ సంధీ కాదు. అయితే 'బ్రంచ్' కూడా ఇంగ్లీషు వ్యాకరణం అడిగి పుట్టలేదు కదా!

ఒక తిండి మాట కోసం ఇంత తిరగడం ఎందుకని మీరు అడగవచ్చు. మనలో చాలామంది నాన్నలో అమ్మలో రైల్వేలోనో, బొగ్గు గనుల సంస్థలోనో, సీపత్ విద్యుత్ కేంద్రంలోనో పనిచేస్తారు. మూడేళ్ళకో నాలుగేళ్ళకో ఊరు మారుతుంది. స్కూలు పుస్తకాలు హిందీ, ఇంగ్లీషుల్లో ఉంటాయి. ఆటలు హిందీలో ఆడతాం. తెలుగు మాత్రం ఇంట్లో, అందులోనూ వంటింట్లో మిగులుతుంది. పండుగలకీ, సెలవులకీ తప్ప చూడని అమ్మమ్మ ఫోను చేసి "తిన్నావా?" అంటుంది. మీరు "తిన్నా" అంటారు. "ఏం తిన్నావు?" అంటుంది. "అదే... నాష్తా" అంటారు. తర్వాత ఇద్దరి దగ్గరా మాటలు అయిపోతాయి, ఫోను అమ్మ చేతికి వెళ్ళిపోతుంది. మేము పనిచేసి వచ్చిన ప్రతి ఊళ్ళోనూ ఇదే చూశాం. అమ్మమ్మ మీద ప్రేమ తగ్గి ఇలా జరగదు. ఆ ప్రేమను రెండు నిమిషాల పాటు నడిపించడానికి చేతిలో మాటలు చాలక జరుగుతుంది. అందుకే ఈసారి పాఠం పద్యంతో కాకుండా పళ్ళెంతో మొదలుపెట్టాం.

ఆ ఆదివారం మేము తొమ్మిది మందిమి: ఏడుగురు విద్యార్థులు, ఒక విద్యార్థి తల్లి, తెలుగు టీచరు. స్టేషన్ వైపు నుంచి రెండు ఆటోల్లో పాత ఊరికి వెళ్ళాం. ఆటోలోనే మొదటి మాట దొరికింది. హిందీలో 'గోల్' అంటే గుండ్రం. సంస్కృతంలోని 'గోళ' శబ్దానికి చుట్టం. మన భూగోళంలో ఉన్నది అదే. తెలుగులో 'గోల' అంటే మాత్రం అల్లరి, రొద. "మిస్, ఇది గుండ్రం బజారా, గోల బజారా?" అని ఒక అమ్మాయి అడిగింది. ఆదివారం పూట అక్కడి హారన్ల మోత విన్నవాళ్ళకు రెండూ నిజమే అనిపిస్తుంది. ఇక 'బజారు' పారసీ నుంచి వచ్చింది. అది రాకముందు మనకు 'అంగడి' ఉంది, వారానికోసారి జరిగే 'సంత' ఉంది. గోల్ బజార్ మన బిలాస్‌పూర్‌కే సొంతం కాదు, రాయపూర్‌లో ఉంది, ఖరగ్‌పూర్‌లోనూ ఉంది. బదిలీ మీద తిరిగే పిల్లలకు ఇదొక సుఖం. ఊరు మారినా బజారు పేరు మారదు.

ఖరగ్‌పూర్ పేరు వచ్చింది కాబట్టి, ఇంతమంది తెలుగువాళ్ళు ఇక్కడికి ఎలా వచ్చారో కూడా ఒక మాట. 1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. బిలాస్‌పూర్ మీదుగా వెళ్ళే నాగ్‌పూర్ దారి వాళ్ళదే. కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న తీరపు దారి కూడా 1902లో ఆ కంపెనీ చేతికే వచ్చింది. ఒకే కంపెనీ కాబట్టి విజయనగరం, శ్రీకాకుళం వైపు మనుషులు ఖరగ్‌పూర్‌కీ, బిలాస్‌పూర్‌కీ పనికి వచ్చారు. 1931లో రాయపూర్–విజయనగరం రైలు మార్గం పూర్తయ్యాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి. ఇప్పుడు కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కే వాళ్ళందరికీ పార్వతీపురం, బొబ్బిలి స్టేషన్లు బాగా తెలుసు. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం అయింది. మా తరగతిలో ఒక అమ్మాయి ముత్తాత కాలం నుంచీ రైల్వే కుటుంబమే. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, నోటికి మాత్రం రాదు.

మేము వెళ్ళిన హోటల్ చాలా చిన్నది. ఆరు బల్లలు, గోడకు ఒక గడియారం, లోపలి నుంచి తాలింపు వాసన. తొమ్మిది మందిమి రెండు బల్లలు కలుపుకుని, మోచేతులు తగలకుండా జాగ్రత్తపడుతూ కూర్చున్నాం. బయట పలక మీద సుద్దతో 'సండే బ్రంచ్' అని హిందీ లిపిలో రాసి ఉంది. 'రెస్టారెంట్', 'హోటల్' మాటలు రాకముందు తెలుగువాళ్ళు డబ్బిచ్చి తినే చోటును ఏమనేవారో తెలుసా? పూటకూళ్ళ ఇల్లు. పూట, కూడు, ఇల్లు, ఈ మూడు మాటలు కలిశాయి. కూడు అంటే అన్నం. పూటకింత అని తీసుకుని అన్నం పెట్టే ఇల్లు అన్నమాట. పాతకాలపు ఓరుగల్లు వీధులను వర్ణించే 'క్రీడాభిరామం'లో పూటకూళ్ళ ఇంటి భోజనం ఉంది. 1892లో మొదట ప్రదర్శించిన గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' నాటకంలో పూటకూళ్ళమ్మ అనే పాత్రే ఉంది. ఆమె ఊరు విజయనగరం. మనం ఇప్పుడే చెప్పుకున్న రైలు దారికి అవతలి కొస అది.

పళ్ళెంలోకి వద్దాం. ముందు వచ్చింది పోహా–జలేబీ. పోహా మన అటుకులే. సంస్కృతంలో వీటిని పృథుకాలు అంటారు. భాగవతంలో కుచేలుడు కొంగున కట్టుకుని శ్రీకృష్ణుడి దగ్గరకు తీసుకెళ్ళినవి ఇవే. జలేబీ ఇంకా దూరం నుంచి వచ్చింది. అరబ్బీలో 'జలాబియా', హిందీలో 'జలేబీ', మన నోట్లో 'జిలేబి'. ఎన్ని ఊళ్ళు తిరిగిందో, వెళ్ళిన ప్రతి చోటా ఆ ఊరి యాస నేర్చుకుంది!

కారపు అటుకులు ఒక చెంచా, తియ్యని జిలేబి ఒక ముక్క. ఛత్తీస్‌గఢ్‌లో ఇలా తినడం మామూలే. ఈ తినే పద్ధతిని తెలుగులో చెప్పమన్నాం. "పోహాతో జిలేబి తిన్నాం" అన్నారు పిల్లలు. తప్పు కాదు, కానీ చప్పగా ఉంది. హిందీలో 'కే సాథ్' అని సరిపెట్టే చోట తెలుగులో మూడు దారులున్నాయి. పప్పును అన్నంలో 'కలుపుకుంటాం'. ఇడ్లీని పచ్చడిలో 'అద్దుకుంటాం'. పెరుగన్నం తింటూ మధ్యమధ్యలో ఆవకాయ ముక్కను కొద్దికొద్దిగా కొరికితే అది 'నంజుకోవడం'. నంజుకునేది ఎప్పుడూ అసలు తిండి కాదు, దానికి తోడు. అది కొంచెమే ఉంటుంది, ముద్దకూ ముద్దకూ మధ్య వస్తుంది. ఇంత సంగతిని ఒక్క మాటలో చెప్పడానికి హిందీలో మాకు మాట దొరకలేదు, ఇంగ్లీషులోనూ దొరకలేదు. ఒక విద్యార్థి జిలేబి ముక్క చేత్తో పట్టుకుని, "అయితే మేము అటుకుల్లో జిలేబి నంజుకున్నాం" అన్నాడు. ఆ రోజు పాఠంలో మాకు బాగా నచ్చిన వాక్యం అదే. మూడు క్రియల్లోనూ చివర 'కొను' ఉంది చూడండి. చేసే పని మన కోసమే చేసుకుంటున్నామని అది చెబుతుంది. 'వడ్డించు' అంటే ఇతరులకు, 'వడ్డించుకో' అంటే నీకు నువ్వే.

తర్వాత చీలా, ఫరా వచ్చాయి. చీలా బియ్యప్పిండితో పోసిన అట్టు, టమాటా పచ్చడితో ఇచ్చారు. ఫరా మాత్రం చాలామందికి కొత్త. బియ్యప్పిండి ముద్దను వేలంత పొడుగ్గా నలిపి, ఆవిరి మీద ఉడికించి, ఆవాలు, నువ్వులు, పచ్చిమిర్చితో తాలింపు పెడతారు. "ఇవి పొడుగు ఉండ్రాళ్ళు" అంది మాతో వచ్చిన విద్యార్థి తల్లి. వినాయక చవితి రోజు మనం గుండ్రంగా చేసేదాన్ని వీళ్ళు కోలగా చేస్తారు, అంతే తేడా. పండుగలకు ఇక్కడివాళ్ళు చేసే 'అయిర్సా' కూడా మీరు తినే ఉంటారు. బియ్యప్పిండి, బెల్లం, నూనెలో వేపుడు. పేరు నెమ్మదిగా పలికి చూడండి, మీ ఇంటి అరిసె వినబడుతుంది.

ఇడ్లీ, వడ కూడా తెప్పించుకున్నాం. వాటి గురించి మీకు చెప్పాల్సింది ఏమీ లేదు. సాంబారు తియ్యగా ఉందని మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

తింటూ ఉండగా 'నాష్తా' మీద చర్చ వచ్చింది. ఇది పారసీ మాట, అక్కడ దీని అర్థం ఏమీ తినని ఖాళీ కడుపు. అచ్చంగా దీనికి సరిపోయే మాట మనకు ఉంది: పరగడుపు. మందు చీటీ చూసి అమ్మ "పరగడుపున వేసుకో" అంటుందే, అదే. ఇంగ్లీషులో బ్రేక్‌ఫాస్ట్ అంటే ఉపవాసం విడవడం. మనం ఏకాదశి ఉపవాసం మర్నాడు చేసేది పారణ. ఇలా మూడు భాషలవాళ్ళూ రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపునే తలుచుకున్నారు. మరి 'టిఫిన్'? అది ఆంగ్లేయులు మన దేశంలో మధ్యాహ్నపు తేలిక తిండికి పెట్టుకున్న పేరు. మన చేతికి వచ్చాక పొద్దుటికి మారిపోయింది. ఇంగ్లండులో ఇవాళ ఎవరినైనా "టిఫిన్ అయిందా?" అని అడిగితే వింతగా చూస్తారు. పుస్తకాల్లో కనిపించే ఉపాహారం (ఉప + ఆహారం), ఫలాహారం (ఫల + ఆహారం) రెండూ సవర్ణదీర్ఘ సంధులు. ఫలాహారం మొదట్లో పళ్ళు తినడమే. వాడుకలో 'ఫలహారం' అయ్యి, పళ్ళు పోయి, ఉప్మా వచ్చి కూర్చుంది.

ఇక అసలు పని. ఇంటికి వెళ్ళి ప్రతి ఒక్కరూ అమ్మమ్మకో, నానమ్మకో, తాతయ్యకో ఫోను చేయాలి, ఏం తిన్నారో, ఎలా తిన్నారో తెలుగులోనే చెప్పాలి. ఒకే నియమం: అయిదు నిమిషాల దాకా ఫోను అమ్మకు ఇవ్వకూడదు.

రైల్వే కుటుంబం అమ్మాయి బొబ్బిలిలో ఉన్న అమ్మమ్మకు చేసింది. "అమ్మమ్మా, ఇవాళ మనం గోల్ బజార్ వెళ్ళాం" అంది. అటువైపు నుంచి, "నానెప్పుడొచ్చానమ్మా?" అని నవ్వు. ఇక్కడ ఆగి ఒక సంగతి నేర్చుకోవాలి. హిందీలో 'హమ్' ఒక్కటే. తెలుగులో రెండున్నాయి. వింటున్నవారిని కూడా కలుపుకుంటే 'మనం', వాళ్ళను వదిలేసి మాట్లాడితే 'మేము'. అమ్మమ్మ బజారుకు రాలేదు కాబట్టి "మేము వెళ్ళాం" అనాలి. "వచ్చే సెలవుల్లో మనం వెళదాం" అంటే అమ్మమ్మ కూడా ఉన్నట్టు. హిందీ నేల మీద పెరిగిన తెలుగు పిల్లలందరికీ ఈ తడబాటు ఉంటుంది. దిద్దుకోవడం కష్టమేమీ కాదు. ఎదుటి మనిషి ఈ పనిలో ఉన్నారా లేరా అని మాటకు ముందు ఒక్క క్షణం చూసుకోవాలి. ఆ అమ్మాయి తర్వాత ఫరా ఎలా చేస్తారో చెప్పింది. ఉడకపెడతారా, వేపుతారా అని అమ్మమ్మ అడిగింది. ఆ అమ్మాయికి 'ఆవిరి' అనే మాట గుర్తురాక "ఇడ్లీలాగ, పొగ మీద" అంది. అమ్మమ్మకు అర్థమైంది. పదకొండు నిమిషాలు మాట్లాడిందని మర్నాడు తరగతిలో అందరికంటే ముందు చెప్పింది.

రామగుండం నుంచి సీపత్‌కు బదిలీ అయి వచ్చిన అబ్బాయి పెద్దపల్లి దగ్గరి పల్లెలో ఉండే నానమ్మకు చేశాడు. పదకొండింటికి తిన్నామని చెప్పగానే ఆమె, "అంబటాళ్ళకు తిన్నరా బిడ్డా? మరి పొద్దుగాల సద్ది తినకనే పోయిన్రా?" అని అడిగింది. వాడికి రెండు మాటలు అర్థం కాలేదు. అయినా ఫోను పెట్టేయకుండా అడిగి నోటుపుస్తకంలో రాసుకొచ్చాడు. మేము గోల్ బజార్‌లో వెతికిన జవాబు ఆ కాగితం మీద ఉంది.

అంబటాళ్ళ, అంబటేళ, అంబటిపొద్దు, వీటన్నిటికీ మూలం 'అంబలి'. తెల్లవారకముందే పొలానికి వెళ్ళినవాళ్ళకు ఎండ ఎక్కే వేళకు ఇంటి నుంచి అంబలి వచ్చేది. తెలంగాణలో జొన్నతో, ఉత్తరాంధ్రలో చోళ్ళతో, అంటే రాగులతో చేస్తారు. అంబలి తాగే వేళ అంబటి వేళ, నోట్లో నలిగి అంబటేళ. పొద్దుటికీ మధ్యాహ్నానికీ మధ్య సమయం అది. ఇంగ్లీషులో ఆ పేరు పుట్టించకముందే మన పొలం గట్ల మీద ఆ పూట ఉంది. తేడా ఒకటుంది, దాచకూడదు. బ్రంచ్ ఆలస్యంగా లేచినవాళ్ళ తిండి. అంబలి అందరికంటే ముందు లేచి అప్పటికే సగం పని చేసినవాళ్ళ తిండి. అందుకే రెండూ ఒకటే అని మేము అనం. వేళ మాత్రం ఒకటే.

'అంబలి వేళ' అనకుండా 'అంబటి' ఎందుకు అయింది? కొన్ని తెలుగు మాటలకు మరో మాట గానీ, విభక్తి ప్రత్యయం గానీ చేరేటప్పుడు చివరి అక్షరం పోయి 'టి' వస్తుంది. వాకిలి – వాకిటి ముగ్గు. రోకలి – రోకటి పోటు. ఇల్లు – ఇంటి పేరు. నోరు – నోటి మాట. ఇలా వచ్చే వాటిని వ్యాకరణంలో ఔపవిభక్తికాలు అంటారు. పేరు చూసి భయపడకండి, "ఇల్లులో ఉన్నా" అనకుండా "ఇంట్లో ఉన్నా" అనే ప్రతిసారీ మీరు దీన్ని వాడుతూనే ఉన్నారు.

రెండో మాట సద్ది. అదే చద్ది. చలిది, చల్ది, చద్ది అని మారుతూ వచ్చింది. మొదట్లో ఉన్నది 'చలి'. రాత్రి మిగిలిన చల్లటి అన్నం. పోతన భాగవతంలో చిన్ని కృష్ణుడు గోపబాలురతో కూర్చుని ఆరగించినవి చల్దులే. ఇది చెప్పగానే ఛత్తీస్‌గఢీ బాగా వచ్చిన ఒక విద్యార్థిని "మిస్, ఇది బోరే బాసీ!" అంది. నిజమే. ఇక్కడి పల్లెల్లో అన్నాన్ని నీళ్ళలో వేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని తింటారు. 'బోరే' అంటే నీళ్ళలో ముంచినది, 'బాసీ' అంటే రాత్రి నుంచి ఉన్నది. 2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు అందరూ బోరే బాసీ తినాలని ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వమే పిలుపునిచ్చింది. వరి పండే నేల మీద మిగిలిన అన్నాన్ని పారేయకపోవడం రెండుచోట్లా ఒకటే. పలకరింపు కూడా ఒకటే. ఇక్కడి ఆడవాళ్ళు ఎదురుపడితే "కా సాగ్ రాంధే హస్?" అంటారు. మన ఊళ్ళలో "ఏం కూర వండారు?" అంటారు. కూర గురించి ఎవరికీ పెద్దగా పట్టదు, మాట కలపడానికే అడుగుతారు.

అభ్యాసం: పందిరి, కౌగిలి, లోగిలి అనే మాటలకు 'లో' చేర్చి రాయండి. కలుపుకోవడం, అద్దుకోవడం, నంజుకోవడం, ఈ మూడింటినీ ఒకే భోజనం గురించి మూడు వాక్యాల్లో వాడండి. 'మనం', 'మేము' మార్చి రాస్తే అర్థం తారుమారయ్యే వాక్యం ఒకటి సొంతంగా తయారుచేయండి. ఆఖరి పని ఈ ఆదివారానికి. మీ ఇంటి పెద్దల్లో ఒకరికి ఫోను చేసి, పొద్దుటికీ మధ్యాహ్నానికీ మధ్య వేళను వాళ్ళ ఊళ్ళో ఏమనేవారో, అప్పుడు ఏం తినేవారో అడగండి. ఆ మాట, ఆ ఊరి పేరు, చెప్పినవారు మీకు ఏమవుతారో ఒక కాగితం మీద రాసి తెలుగు తరగతిలో ఇవ్వండి. మా దగ్గర ఇప్పటికి ఒక్క పెద్దపల్లి మాటే ఉంది.